ఇంట్లోనే చదివించాలనుకునే క్రైస్తవ కుటుంబాలకు: కాగితాల నుంచి పదో తరగతి దాకా ఏం చేయాలి, ఎట్లా చేయాలి

వందనాలు అందరికీ.

ఆదివారం ఆరాధన అయిపోయి బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒక అక్క చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకపోయి "మీ పిల్లలు బడికి పోరంట గదా, మరి రేపు పదో తరగతి ఎట్ల రాస్తరు" అని అడుగుతది. కాజీపేటలో అడిగిన్రు, హన్మకొండలో అడిగిన్రు, మొన్న నర్సంపేట దిక్కు నుంచి ఒక పాస్టరమ్మ గారు ఫోన్ చేసి గంటసేపు ఇదే మాట్లాడిన్రు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్న, అందుకే ఈసారి మొత్తం ఒక్కచోట రాసిపెడుతున్న, మెల్లగ చదువుకోండి.

ముందే ఒక మాట. అందరూ మొదట అడిగేది "ఏ కరికులం కొనాలె" అని. అది ఆఖరుకు అడగాల్సిన ప్రశ్న. ముందు కాగితాలు, తర్వాత పదో తరగతి ఏ బోర్డులో రాయించాలనేది, తర్వాత పిల్లలకు తెలుగు చదవడం రాయడం, ఈ మూడు తేలినంకనే పుస్తకాలు. నేను దీన్ని తలకిందులు చేసి ఏడాదిన్నర పోగొట్టుకున్న, మీరు పోగొట్టుకోవద్దనే ఇంత పొడుగు రాస్తున్న.

ఇంకోటి కూడా ఇప్పుడే చెప్పాలె. రోజూ మూడు నాలుగు గంటలు పిల్లల దగ్గర కూర్చునే పెద్దవాళ్ళు ఇంట్లో ఒక్కరన్నా లేకపోతే మొదలుపెట్టకండి. ఇద్దరూ డ్యూటీలకు పోయి పిల్లల చేతిల ఫోన్ పెడితే దాన్ని బడి మానిపించడం అనే అంటరు. ఫీజులు కట్టలేకనే అయితే దగ్గర్లో సర్కారు బడిలో వేయండి, పొద్దున సాయంత్రం ఇంట్ల వాక్యం చెప్పుకోవచ్చు. పిల్లలకు వాక్యం నేర్పాలని బైబిల్‌ల ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం తల్లిదండ్రుల మీద పెట్టిన బాధ్యత నిజమే, కానీ బడికి పంపేవాళ్ళు ఆ బాధ్యత తప్పినట్టు కాదు, సంఘంలో ఎవరినీ ఆ మాటతో నొప్పించకండి.

కావాల్సినవి

- పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్ (రెండిట్ల పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలె)
- ఇంతకుముందు బడికి పోయి ఉంటే టీసీ, మార్కుల కాగితాలు, బడివాళ్ళ దగ్గర ఉండే పెన్ నంబర్ (పిల్లలకు ఇచ్చే శాశ్వత విద్యా నంబర్)
- మీరు ఉండే ఊరికి రుజువులు: రేషన్ కార్డు, కరెంటు బిల్లులు
- రెండు లాంగ్ నోట్‌బుక్కులు, ఒక ఫైలు
- రాష్ట్ర పాఠ్యపుస్తకాలు, పీడీఎఫ్ అయినా సరే
- తెలుగు బైబిల్, ఒక తెలుగు పేపర్

ఇంతే. ప్రింటర్ కూడా అవసరం లేదు, జిరాక్స్ షాపు చాలు.

1. పేరు సరిచేసుకోండి

మన ఇళ్ళల్ల ఇది పెద్ద తిప్పలు. ఆధార్‌లో రాజేష్ ఉంటది, బాప్తిస్మం తర్వాత అందరూ శామ్యూల్ అంటరు, పిల్లగానికి కూడా అదే అలవాటు, ఇక ఫారం నింపేటప్పుడు ఒకచోట రాజేష్, ఇంకోచోట శామ్యూల్ రాజేష్ రాస్తరు. పదో తరగతి మెమోల ఏ పేరు పడ్డదో అదే జీవితాంతం నడుస్తది. ఏ పేరు ఉండాలనేది ఎనిమిదేళ్ళలోపే ఇంట్ల కూర్చుని తేల్చుకోండి, మార్చేదుంటే ముందు బర్త్ సర్టిఫికెట్, దాన్ని చూపించి ఆధార్. ఇంటిపేరు ముందా వెనకా, ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఏంటిది, అది కూడా ఒక కాగితం మీద రాసి ఫైలు మొదటి పేజీల పెట్టండి, ఎవరు ఫారం నింపినా దాన్ని చూసే నింపాలె.

2. చట్టం సంగతి, టీసీ సంగతి

విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తది. అందుల 10వ సెక్షన్ పిల్లలను బడిల చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటది, కానీ చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇదీ శిక్ష అని రాసిలేదు, హోంస్కూలింగ్ అనే మాటే అందుల లేదు. అంటే పూర్తిగా అనుమతి ఉన్నదనీ చెప్పలేం, నేరమనీ చెప్పలేం. దేశంలో చాలా కుటుంబాలు ఇట్లనే చదివిస్తున్నయ్. ఇది తెలుసుకునే దిగండి, ఎవరన్నా "ఏం కాదు, పర్మిషన్ ఉన్నది" అని గట్టిగ చెప్తే నమ్మకండి.

జూన్‌ల బడిబాటకు టీచర్లు ఇంటింటికి వస్తరు, బడి బయటి పిల్లల సర్వేకు విద్యాశాఖ సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) వస్తరు. తలుపు వేసుకోవద్దు, వాదన పెట్టుకోవద్దు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చి మీ ఫైలు చూపించండి, పిల్లలను వాళ్ళ ముందర నాలుగు లైన్లు చదివించండి. మా ఇంటికి రెండుసార్లు వచ్చిన్రు, రెండోసారి వచ్చిన మేడం మా చిన్నోని నోట్‌బుక్ చూసి ఇంకా రెండు లెక్కలు ఎక్కువ ఇచ్చి చేయించి పోయిన్రు.

బడి మానిపించే రోజే టీసీ తీసుకోండి. తర్వాత తీసుకుందాం అనుకుంటే పాత ఫీజు బాకీ అనో, సార్ లేడనో తిప్పుతరు, మేము ఒక స్కూల్ చుట్టూ నాలుగు నెలలు తిరిగినం.

3. పదో తరగతి ఎక్కడ రాయించాలె

దీన్ని పిల్లకు పదేళ్ళు వచ్చేలోపే తేల్చుకోండి. మన దగ్గర రెండు దారులు ఎక్కువ మంది పట్టేవి.

మొదటిది ఎన్ఐఓఎస్, జాతీయ ఓపెన్ స్కూల్, కేంద్ర ప్రభుత్వానిది, 1989ల మొదలైంది. పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలె, ఇంటర్ లెవల్‌కు 15. తొమ్మిది పాసైన సర్టిఫికెట్ లేకున్నా, పదో తరగతి చదవగలదని సెల్ఫ్ సర్టిఫికెట్ ఇచ్చి చేర్పించొచ్చు, మనలాంటోళ్ళకు ఇదే పెద్ద మేలు. కనీసం 5 సబ్జెక్టులు, అందుల భాషలు ఒకటి లేదా రెండు. పాస్ మార్కులు 33 శాతం. అడ్మిషన్ 5 ఏళ్ళు ఉంటది, ఆ లోపల 9 సార్లు రాయొచ్చు, అన్ని సబ్జెక్టులు ఒకేసారి రాయాలని లేదు, ఏప్రిల్-మే ఒకసారి, అక్టోబర్-నవంబర్ ఒకసారి పరీక్షలు. తెలుగు మీడియం కూడా ఉన్నది. పుస్తకాలు వాళ్ళ సైటుల ఉచితంగ దొరుకుతయ్. చిన్న తరగతులకు కూడా ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉన్నది, ఏ లెవల్ మూడో తరగతికి, బీ ఐదుకు, సీ ఎనిమిదికి సమానం, మధ్యల బడికి పోవాల్సి వస్తే ఆ సర్టిఫికెట్ అక్కరకొస్తది.

రెండోది మన తెలంగాణ ఓపెన్ స్కూల్, అందరూ టాస్ అంటరు. ఇదీ పదో తరగతికి 14 నిండాలె. స్టడీ సెంటర్ దగ్గర్లనే ఉంటది, తెలుగుల మాట్లాడి పని చేయించుకోవచ్చు. ఇంటర్ ఇక్కడే, తెలుగు మీడియంల, ఊరు దాటేది లేదు అనుకుంటే ఇది సులువు. వేరే రాష్ట్రాలకు సేవకు పోయే పాస్టర్ల కుటుంబాలకైతే నేను ఎన్ఐఓఎస్సే చెప్తా, ఎక్కడికి పోయినా అదే బోర్డు నడుస్తది.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. సులువని హోం సైన్స్, పెయింటింగ్, డేటా ఎంట్రీ తీసుకుంటరు, తర్వాత పిల్ల బైపీసీ చదువుతా అంటది. సైన్స్, మ్యాథ్స్ వదలకండి, తక్కువ మార్కులొచ్చినా ఫర్వాలేదు.

ఎన్ఐఓఎస్‌ల అందరూ చేసే తప్పు: టీఎంఏ అనే అసైన్‌మెంట్లు రాసి పెట్టరు. దానికి 20 శాతం వెయిటేజీ ఉన్నది. ఇంట్ల కూర్చుని పుస్తకం చూసి రాసేవి, ఆఖరు తేదీ పోయినంక ఏడ్చి లాభం లేదు. ఫీజు కట్టిన రోజే క్యాలెండర్‌ల ఆ తేదీకి సున్న చుట్టండి. ఫీజులు, తేదీలు మారుతుంటయ్, వాళ్ళ సైటుల చూసే కట్టండి, దళారికి ఇచ్చి "మొత్తం నువ్వే చూసుకో" అనకండి, లాగిన్ పాస్‌వర్డ్, ఫోన్ నంబర్ మీదే ఉండాలె.

4. తెలుగు చదవడం, ఇక్కడే ఎక్కువ మోసపోతం

మా చిన్నోడు ఏడేళ్ళప్పుడు 23వ కీర్తన వేలు పెట్టి గడగడ చదివేటోడు. మా అత్తమ్మ మురిసిపోయి వచ్చినోళ్ళందరికీ చదివించి చూపించేది. ఒకరోజు పక్కన కూర్చుని వేలు దిక్కు చూసిన. నోరు నాలుగో వచనంల ఉన్నది, వేలు ఇంకా రెండో వచనం కాడనే ఉన్నది. గాఢాంధకారపు లోయ అని పలుకుతున్నడు, వేలేమో శాంతికరమైన జలాల దగ్గర ఆగింది. వానికి ఒక్క అక్షరం రాదు, మొత్తం సండే స్కూల్ల విని విని కంఠతా పట్టిందే. నాకు ఆ రోజు కాళ్ళు చేతులు ఆడలేదు.

మన పిల్లలకు జ్ఞాపకశక్తి ఎక్కువ, వాక్యాలు కంఠత పెట్టిస్తం కాబట్టి. అదే మనల్ని మోసం చేస్తది. ఇట్ల చెక్ చేసుకోండి:

తెలిసిన వచనం వద్దు, ఎన్నడూ చదవని పేజీ తీయండి. అపొస్తలుల కార్యములల ఓడ ప్రయాణం భాగం బాగుంటది, ఊర్ల పేర్లన్నీ కొత్తగ ఉంటయ్. ఒక లైన్ వెనక నుంచి ముందుకు మాట మాట చదవమనండి. తర్వాత పేపర్ హెడ్డింగ్ ఒకటి. తర్వాత హన్మకొండ బస్టాండుకు తీసుకపోయి బస్సు బోర్డులు చదివించండి, పరకాల, తొర్రూరు, భూపాలపల్లి, ములుగు. వత్తుల కాడ, దీర్ఘాల కాడ ఆగుతున్నరంటే మళ్ళ గుణింతాల నుంచే, ఎన్నేళ్ళున్నా సరే సిగ్గుపడకుండ మొదలుపెట్టాలె. రోజుకు 20 నిమిషాలు, అంతకంటే ఎక్కువ వద్దు.

ఇంకో సంగతి, చదవడం వచ్చినంక కూడా బైబిల్ ఒక్కటే చదివిస్తే భాష వేరే అయితది. మా వాడు వాళ్ళ మేనత్తకు ఉత్తరం రాస్తే "నేను నిన్న అంగడికి పోయితిని, అమ్మ నాకు పండ్లు ఇచ్చెను" అని రాసిండు. ముద్దుగ ఉన్నది, దాచిపెట్టుకున్న, కానీ పరీక్షల అట్ల రాస్తే కుదరదు. అందుకే పాఠ్యపుస్తకం, కథల పుస్తకాలు పక్కన ఉండాలె. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ తెలుగు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తయ్. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌ల తెలుగు కథలు లెవల్ ప్రకారం ఉచితం. అరవింద్ గుప్తా సైటుల తెలుగు పుస్తకాలు, చెత్తతో చేసే సైన్స్ బొమ్మలు కూడా ఉన్నయ్.

5. పిల్లలు ఏ తరగతిల ఉన్నరో చూసి పుస్తకాలు తేవాలె

వయసు చూసి తరగతి పెట్టకండి. కిందటి తరగతి రాష్ట్ర మ్యాథ్స్ పుస్తకం తీసి ప్రతి పాఠం చివర నుంచి రెండేసి లెక్కలు ఇవ్వండి, ఎక్కడ చేయలేకపోతున్నరో అక్కడి నుంచే మొదలు.

ఉచితంగ దొరికేవి ముందు వాడండి. సర్కారు పుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉంటున్నయ్, ఇంట్ల చదివించేటోళ్ళకు అంతకంటే మంచి వసతి లేదు. పాఠాల మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే సర్కారు యాప్‌ల వీడియోలు వస్తయ్. టీ-శాట్ యాప్‌ల తెలుగుల క్లాసులున్నయ్. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు పీడీఎఫ్ దొరుకుతయ్.

క్రైస్తవ కరికులం కావాలంటే అమెరికా నుంచి వచ్చినవే ఎక్కువ. ఏసీఈ ఉన్నది, 1970ల మొదలైంది, సబ్జెక్టుకు ఏడాదికి 12 చిన్న పుస్తకాలు, పేస్‌లు అంటరు, పిల్లలు సొంతంగ చేసుకుంట పోతరు, మొదట డయాగ్నస్టిక్ టెస్ట్ పెట్టి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో చెప్తరు. అబెకా, సోన్‌లైట్, అపోలోజియా లాంటివి ఉన్నయ్, షిప్పింగ్‌తో కలిపి లెక్క వేసుకోండి, మధ్యతరగతికి బరువే. డబ్బుల్లేకుంటే ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ ఉచితం, ఇంగ్లండ్‌ల షార్లెట్ మేసన్ చెప్పిన పద్ధతిల నడుస్తది, మంచి పుస్తకాలు చదివించి పిల్లలతోటి తిరిగి చెప్పించడం దాంట్ల ముఖ్యం. ఈజీ పీజీ కూడా ఉచితమే. రెండూ ఇంగ్లీషే, కాబట్టి అమ్మకు ఇంగ్లీష్ రాకపోతే ఇబ్బంది.

తెచ్చుకున్నా సరే, మ్యాథ్స్ మాత్రం మన పుస్తకంలనే చేయించండి. మా పెద్దోడు ఏడాదిన్నర బయటి వర్క్‌బుక్కులే చేసిండు, క్వార్టర్ అంటే 25 సెంట్లు, డైమ్ అంటే 10 అని టకటక చెప్పేటోడు. ఒకరోజు తాత పాస్‌బుక్ తీసి "ఎకరం ఇరవై గుంటలు ఇద్దరికి పంచితే ఎవరికెంత వస్తది బిడ్డా" అని అడిగిండు. అందుల 1.20 అని ఉన్నది. వాడు దాన్ని సగం చేసి "సున్నా పాయింట్ అరవై ఎకరం" అన్నడు. ఎకరానికి 40 గుంటలు, మొత్తం 60, తలా 30 గుంటలు రావాలె. వాడు చెప్పిన లెక్కల పంచితే తలా 24 గుంటలే వస్తయ్, తాత భూమి 12 గుంటలు మాయమైంది. ఆ సాయంత్రమే మన మ్యాథ్స్ పుస్తకం తెచ్చిన. ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌ల, పొడుగు అంగుళాలల ఉంటది వాటిల, పరీక్షకు సెంటీగ్రేడ్, సెంటీమీటర్ కావాలె.

సైన్స్‌ల పరిణామ సిద్ధాంతం వస్తే చాలామంది ఆ పేజీ దాటేస్తరు. దాటేయొద్దు. పుస్తకం ఏం చెప్తుందో పిల్లలకు పూర్తిగ నేర్పండి, పరీక్షల అడిగింది రాయాలె, మన విశ్వాసం ఏందో కూడా కూర్చుని విప్పి చెప్పండి. దాచిపెడితే రేపు కాలేజీల మొదటిసారి వింటరు, అప్పుడు మీరు పక్కన ఉండరు.

ఆ కరికులంవాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఒక్కటి పట్టుకుని ఇక్కడ ఇంటర్‌కు పోవచ్చనుకోకండి, బోర్డు మెమో అడుగుతరు. ఏది చదివినా ఓపెన్ స్కూల్ పదో తరగతి రాయించండి.

6. రోజు ఎట్లా నడపాలె

పెద్ద టైంటేబుల్ గోడకు అంటించి మూడోరోజు వదిలేసేటోళ్ళను మస్తు మందిని చూసిన. ప్రార్థన, వాక్యం 20 నిమిషాలు, మ్యాథ్స్, తెలుగు, ఇంగ్లీష్ రోజూ, సైన్స్, సోషల్ రోజు విడిచి రోజు. పన్నెండు లోపల అయిపోవాలె. మధ్యాహ్నం పని, ఆట, పుస్తకం. ఇంట్ల చుట్టాలొచ్చినా మ్యాథ్స్ ఒక్కటి ఆగొద్దు.

7. రాసిపెట్టండి

ఒక నోట్‌బుక్ అమ్మది. రోజుకు మూడు లైన్లు, తేదీ, ఏ పుస్తకం ఏ పేజీ, ఎక్కడ తప్పు పోయింది. నెలకొకసారి పిల్లలు సొంతంగ రాసిన ఒక పేజీ తేదీ వేసి ఫైల్ల పెట్టండి. జూన్‌ది, డిసెంబర్‌ది పక్కపక్కన పెడితే మారిందో లేదో మీకే తెలుస్తది, ఎవరి సర్టిఫికెట్ అవసరం లేదు. మార్పు లేదంటే పద్ధతి మార్చండి, పిల్లను తిట్టకండి. మూడు నెలలకొకసారి సంఘంల టీచర్ పని చేసేటోళ్ళు ఎవరన్నా ఉంటే పేపర్ ఇచ్చి వాళ్ళతోటి దిద్దించండి, మనం దిద్దితే మార్కులు ఊరికెనే పడతయ్.

8. నలుగురితో కలవాలె

పిల్లలు ఇంట్లనే ఉండి నలుగురిల కలవరు అని అందరూ అంటరు, అందుల నిజం ఉన్నది, మనం ప్రయత్నం చేయకపోతే అట్లనే అయితరు. వారంల ఒకరోజు చర్చి హాల్ ఖాళీగ ఉంటది, పాస్టర్ గారిని అడగండి. మూడు కుటుంబాలు చాలు, ఒకరు సైన్స్ ప్రయోగం, ఒకరు ఇంగ్లీష్, ఒకరు కీబోర్డ్. సంఘం వేరేదైనా ఫర్వాలేదు, బాప్టిస్టు, సీఎస్ఐ, పెంతెకోస్తు అని చూడకండి, ఇవి లెక్కల క్లాసులు. ఎండాకాలం వీబీఎస్‌ల (సెలవుల బైబిల్ బడిల) పదమూడేళ్ళు దాటినోళ్ళను సహాయకులుగ పెట్టించండి, చిన్నపిల్లల ముందర నిలబడి పాఠం చెప్పడం వాళ్ళకే పెద్ద చదువు. ఆటలకు హన్మకొండ జేఎన్ స్టేడియం ఉన్నది. దేశం మొత్తం మీద హోంస్కూల్ కుటుంబాలను కలిపే స్వశిక్షణ్ అనే సంఘం ఉన్నది, క్రైస్తవులదే కాదు, కానీ అడ్మిషన్ల అనుమానాలకు అక్కడ అనుభవం ఉన్నోళ్ళు దొరుకుతరు.

మన చుట్టూ ఉన్నదాన్ని పాఠం చేయండి. హన్మకొండల రీజనల్ సైన్స్ సెంటర్, హంటర్ రోడ్ల జూ. రామప్ప గుడికి తీసుకపోవచ్చా అని ఒక అక్క అడిగింది. మేము తీసుకపోయినం, అది మన నేల చరిత్ర, 1213ల కట్టింది, 2021ల యునెస్కో గుర్తించింది, పునాదిల ఇసుక నింపి కట్టిన తీరు, నీళ్ళల్ల తేలే ఇటుకలు, పిల్లలకు సైన్స్ అక్కడే దొరికింది. ఇంకోసారి రైలెక్కి మహబూబాబాద్ మీదుగ డోర్నకల్ పోండి, 1912ల మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు సేవ చేసిన ఊరు, 1939ల ప్రతిష్ఠించిన అక్కడి చర్చిల స్తంభాలు గుడి స్తంభాల తీరుగ, పైన మసీదు తీరుగ ఎట్ల కలిపిన్రో పిల్లలతోటి బొమ్మ గీయించండి.

9. పదో తరగతి తర్వాత అడ్డం పడే రెండు విషయాలు

గురుకులం ఎంట్రన్సులకు ముందు తరగతి స్టడీ సర్టిఫికెట్ అడుగుతరు, ఆ ఆశ ఉంటే బడి మానిపించకముందే ఆలోచించుకోండి.

రెండోది లోకల్ స్టేటస్, అంటే ఇక్కడి పిల్లలే అని రుజువు. ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ సీట్ల ఎంట్రన్స్) లాంటివాటికి వరుసగ నాలుగేళ్ళు ఎక్కడ చదివిన్రో చూపించాలె. బడిల చదవని పిల్లలకు ఆ నాలుగేళ్ళు ఇక్కడనే ఉన్నట్టు నివాస సర్టిఫికెట్ చూపించే పద్ధతి ఉన్నది, అది తహసీల్దార్ ఆఫీసుల తీసుకోవాలె. ఆ ఏడాది నోటిఫికేషన్‌ల నిబంధన చదివి పోండి. అందుకే మొదట చెప్పిన కరెంటు బిల్లులు పారేయొద్దు, కిరాయి ఇండ్లు మారే పాస్టర్ల కుటుంబాలు మరీ జాగ్రత్త, ఏడాదికి రెండు బిల్లులు, ఒక కిరాయి కాగితం ఫైల్ల దాచండి. ఇంజనీరింగ్ అనుకునేటోళ్ళు జేఈఈ మెయిన్‌కు ఇంటర్ లెవల్ల 5 సబ్జెక్టులు ఉండాలని గుర్తుపెట్టుకోండి, నాలుగుతో ఆపొద్దు.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. ఆధార్, బర్త్ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం కలిపి చూడండి. తేడా ఉంటే సోమవారం పొద్దున్నే మీసేవకు పోండి, లైన్ తక్కువ ఉంటది.